కెపువేలికి కాస్త చోటు

"ఫూసీ! ఒసేయ్ ఫూసీ! ఆ ముసలమ్మకి చోటు చాలట్లేదే, వచ్చి చూడు, మోచేతుల్తో పూలు నెట్టుకుంటోంది!"

పెని లోపల్నించి అరిచాడు. ఫూసీ కర్రపెండలం ముక్క నోట్లోనే ఉంచుకుని కంప్యూటరు దగ్గరికి పరిగెత్తింది. నిజమే. మొన్న పోయిన చర్చి పెద్దమ్మ తెర మీద తెల్ల లిల్లీల మధ్య ఇరుక్కుని, మొహం ముడుచుకుని ఉంది. పొద్దుట పెట్టినప్పుడు నవ్వుతూనే ఉంది పాపం.

"పూలు అందంగా ఉన్నాయని పెట్టాను మామయ్యా."

"అందంగా ఉన్నాయని మంచం నిండా దిండ్లు పేరిస్తే మనిషెక్కడ పడుకోవాలే? తియ్యి."

ఫూసీ ఒక్కో పువ్వూ తీసింది. తీసినకొద్దీ ముసలమ్మ భుజాలు కిందికి దిగాయి. ఎడమపక్క అంతా ఖాళీ అయ్యాక ఆవిడ నెమ్మదిగా పక్కకి తిరిగి, ఆ ఖాళీలోకి చూస్తూ కూర్చుంది.

"చెల్లెలితో మాటల్లేవుగా ఆవిడకి. అదీ సంగతి," అన్నాడు పెని టీ ఊదుకుంటూ. "అలా ఉండనీ. సర్దకు. ప్రింటు కొట్టు."

దీవుల రాజధాని నూకుఅలోఫాలో, రేవు దగ్గర ఫ్లెక్సీలు వేసే కొట్టు అది. పోయినవాళ్ళు ఫ్లెక్సీలో మట్టి అయ్యేదాకా కుదురుగా ఉండరు. ఎవరితో మాట మిగిలిపోయిందో వాళ్ళవైపు తిరుగుతారు. ఆ మనిషి వచ్చి ఎదురుగా నిలబడి, చెప్పాల్సింది చెప్పుకుని, ముక్కు చీదుకుని పోతాడు. అంతే. ఆ తర్వాత ఫ్లెక్సీ వట్టి ఫ్లెక్సీ, సమాధి మీద ఎండకి వెలిసిపోతుంది. కాకపోతే గీతా, అక్షరమూ అడ్డంగా ఉంటే మాత్రం వాళ్ళు దాటలేరు. అందుకే ఈ పని చేతనైనవాళ్ళు చెయ్యాలి.

ఫూసీకి ఇంకా చేతకాదు. పెని ఆమె తల్లికి తమ్ముడు. ఒకప్పుడు కుంచెతో బోర్డులు రాసేవాడు, ఇప్పుడు మిషను పెట్టాడు. పాఠం చెప్పడం అతనికి రాదు, తిట్టడమే వచ్చు. ఆ తిట్లలోంచే ఆమె ఏరుకునేది.

"కళ్ళు సగం మూసి చూడు. అప్పుడేది మిగిల్తే జనం ముందు చూసేది అదే. నీ దాంట్లో ఏం మిగిలిందో తెలుసా? అంచు! చచ్చినాయన పోయి అంచు మిగిలింది!"

"పుట్టిన ఏడు ఒక మూల, పోయిన ఏడు ఇంకో మూల పెట్టావు. మధ్యలో ఆ మనిషి ఎక్కడ బతికినట్టే? దగ్గరివాటిని దగ్గర పెట్టు."

"అక్షరాలన్నీ ఒకే సైజా? పెద్దపీట వెయ్యాల్సిన మేనత్తనీ, వంటపాకలో దుంపలు చెక్కేవాణ్ణీ ఒకే చాప మీద కూర్చోబెడతావా?"

"వరసలు చూడు. మీ అమ్మ దగ్గర మొగలాకు చాప అల్లలేదా నువ్వు? ఒక్క ఆకు పక్కకి పోతే చాపంతా వంకరే."

అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పింది ఖాళీ గురించి. బొమ్మలో మనిషి ఎటు చూస్తే, చూసేవాళ్ళ కళ్ళూ అటే పోతాయి, అందుకని అటువైపు చోటు వదలాలి, చూపుకి ఎదురుగా గోడ కట్టకూడదు అనేవాడు. ఇది మాత్రం తిట్టకుండా చెప్పేవాడు.

ఫూసీకి ఆ మాటలు రాత్రి పడుకున్నాక చెవుల్లో మెత్తగా తిరిగేవి. ఆకాశం కేసి కళ్ళు సగం మూసి చూస్తే ఏం మిగులుతుంది? సముద్రం కేసి చూస్తే? కెపువేలి కేసి చూస్తే మాత్రం కెపువేలే మిగిలేవాడు.

సముద్రం అడుగున పాకే దోసకాయల్లాంటి జీవులు, సముద్రదోసల కోసం నీళ్ళలోకి దూకే కుర్రాడు అతను. బోటు మీద గాలి తోలే యంత్రం, దానికి పొడుగాటి గొట్టం, గొట్టం చివర నోట్లో పెట్టుకునే ముక్క. ఆ గొట్టంతోనే అడుగుకి దిగేవాడు. పైన యంత్రం చూసుకునేది ఫూసీ అన్న సోసెఫో. ఇద్దరూ చిన్నప్పట్నించీ ఒక కంచంలో తిన్నవాళ్ళు. బోటుకి పేరు అంటించాలని వచ్చి, కెపువేలి ఆ తర్వాత ఏ పనీ లేకుండానే కొట్టుకి వస్తూ పోయాడు. గడప దగ్గరే నిలబడేవాడు, నేల తడవకుండా. ఒంట్లోంచి ఉప్పు వాసన.

"బతికున్నవాళ్ళ ఫోటోలు ఎందుకు కదలవు?" అని ఒకసారి అడిగాడు.

"బతికున్నవాళ్ళకి కాళ్ళున్నాయిగా. కావాల్సినచోటికి వాళ్ళే నడిచిపోవచ్చు."

"అయితే నేను రోజూ ఇక్కడికే ఎందుకొస్తున్నానో నీకు తెలిసినట్టే," అని నవ్వి వెళ్ళిపోయాడు. ఆ రోజు ఫూసీ ఒక పెళ్ళి బోర్డు మీద పెళ్ళికొడుకు పేరు తలకిందులుగా పెట్టేసింది.

ఈ సంగతి అన్నకి తెలియదు. తెలియకూడదు. ఈ దీవుల్లో అన్న చెవిన చెల్లెలి ప్రేమ మాట పడకూడదు. ఊహ తెలిశాక ఇద్దరూ ఒక గదిలో కూర్చోరు. మగపిల్లాడు పెరట్లో వేరే పాకలో పడుకుంటాడు. చెల్లెలి మాట ఎవరైనా సరసంగా ఎత్తితే అన్న అక్కణ్ణించి లేచిపోవాలి, లేదా ఎత్తినవాడి పళ్ళు రాలగొట్టాలి. పెళ్ళి మాటంటే పెద్దవాళ్ళు పెద్దవాళ్ళతో మాట్లాడుకోవాల్సిందే.

కెపువేలికి అదంతా తెలుసు. అయినా, "వాడికి నేనే చెప్తా. బోటులో ఉండేది ఇద్దరమే, లేచి ఎక్కడికి పోతాడు?" అన్నాడు.

వద్దనాల్సింది. ఫూసీ నవ్వింది. అలలా లేచొచ్చిన నవ్వు, ఆపుకోలేకపోయింది.

మర్నాడు మధ్యాహ్నం బోటు తిరిగొచ్చింది. రేవులో జనం మూగారు. ఫూసీ వెళ్ళేసరికి కెపువేలిని చెక్కల మీద పడుకోబెట్టి ఉన్నారు. పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. గొట్టం పగడపు రాళ్ళలో ఇరుక్కుందని సోసెఫో పోలీసుకి చెబుతున్నాడు. చెబుతూ తలెత్తాడు, చెల్లెలు కనిపించింది. అన్నలు మామూలుగా కళ్ళు తిప్పుకుంటారు, అది మర్యాద. సోసెఫో కళ్ళు తిప్పుకోలేదు, మూసుకున్నాడు.

అప్పుడే ఫూసీకి తెలిసిపోయింది. చెప్పేశాడు. కెపువేలి బోటులో చెప్పేశాడు. ఆ తర్వాత ఏం జరిగిందో అన్నని అడగడానికి లేదు, అడిగే నోరు ఆమెకి ఈ లోకంలో ఎవరూ ఇవ్వలేదు.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర తల్లి ఆమె పక్కన కూర్చుని చేమాకులు మడుస్తూ, తలెత్తకుండా మాట్లాడింది.

"ఫ్లెక్సీ మీ కొట్టులోనే చేయిస్తారట."

"ఊఁ."

"మట్టి అయిన వారానికే మీ అన్న విమానం. న్యూజిలాండులో ఆపిల్ తోటల పని. ఈసారి వాడి పేరొచ్చింది. మీ నాన్న మంచాన పడ్డాక ఈ ఇంటికి ఇంకేముందే?"

"నాకు తెలుసమ్మా."

"ఆ కుర్రాడు ఫ్లెక్సీలోంచి మీ అన్నకేసి గాని చూశాడంటే..." తల్లి చేతిలో ఆకు చిరిగింది. "జనం పోలీసు మాట నమ్మరు, పోయినవాడి చూపు నమ్ముతారు. ఎవరివైపూ చూడకుండా చెయ్యి. నేర్చుకున్నావుగా, ఆమాత్రం రాదా?"

"అమ్మా, అన్న ఏమైనా..."

"నన్నడక్కు. నేను వాణ్ణి అడగలేదు."

పొద్దున్నే కొట్టుకి కెపువేలి మేనత్త ఇలైసానే వచ్చింది. తల్లీతండ్రీ లేని పిల్లాణ్ణి ఆవిడే పెంచింది. నల్ల బట్టల మీద, దుఃఖానికి గుర్తుగా నడుముకి చిరుగుల చాప చుట్టుకుని, గుమ్మం నిండా నిలబడింది. పెని లేచి, వంగి, కుర్చీ తుడిచాడు. ఆవిడ కూర్చోలేదు.

"ఈ ఫోటో. ఒక్కడే ఉండాలి. పూలొద్దు, దేవదూతలొద్దు. చుట్టూ సముద్రమంత చోటు వదలండి. వాడికి ఇరుకు పడదు. చిన్నప్పుడు దుప్పటి కూడా కప్పుకునేవాడు కాదు."

"మా పిల్ల చేస్తుందమ్మా," అన్నాడు పెని. "నాకు ఇవాళ పడవల దగ్గర బోర్డు బిగించే పనుంది. పనితనం ఉన్న పిల్లే."

ఇలైసానే ఫూసీని కింది నించి పైదాకా చూసింది. "బాగా చెయ్యమ్మా," అంది. ఆ గొంతులో ఆజ్ఞ లేదు. అదే ఫూసీకి భరించరానిదైంది.

ఒక్కతే కూర్చుంది. తెర మీద కెపువేలి వచ్చాడు. ఎవరి పెళ్ళిలోనో తీసిన ఫోటో, తడి ఆరని జుట్టు. ఆమెని చూసి కనురెప్ప వేశాడు. ఫూసీ మౌసు వదిలేసి చాలాసేపు రెండు చేతుల్లో మొహం దాచుకుంది. తర్వాత పని మొదలెట్టింది.

పెని నేర్పింది ఒక్కటీ మర్చిపోలేదు. ఒక్కొక్కటీ తిరగేసి వాడింది. కుడిపక్క ఖాళీ ఉందా? అక్కడ లావాటి అక్షరాల్లో బైబిలు వాక్యం నిలువుగా పేర్చింది. ఎడమపక్క పేరు, చెవికి తగిలేంత దగ్గరగా. తల మీద ఊదారంగు కమాను. గడ్డం కింద పుట్టిన ఏడూ, పోయిన ఏడూ, మధ్యలో గీత. అంచు మీద అంచు వేసింది, మధ్యమధ్య సందుల్లో లిల్లీలు. తల ఇటు తిప్పాలన్నా, అటు తిప్పాలన్నా అక్షరం అడ్డం. అన్నీ ఒకే సైజులో, ఒకే ముదురు రంగులో పెట్టింది, కళ్ళు సగం మూసి చూస్తే ఏదీ మిగలకుండా. కెపువేలి మొదట్లో నవ్వుతూనే ఉన్నాడు, పిల్లలు దాగుడుమూతలు ఆడుతున్నారనుకున్నట్టు. చివరి అంచు పడ్డాక నవ్వు ఆగింది.

"క్షమించు," అంది ఫూసీ తెరతో. "అన్న విమానం ఎక్కేదాకానే."

పెని వచ్చేసరికి ఫ్లెక్సీ మిషనులోంచి సగం దిగింది. తడి రంగు వాసన. అతను దాన్ని చూస్తూ సుత్తి కింద పెట్టాడు.

"ఇది తెలియక చేసిన తప్పు కాదు."

ఫూసీ దిగుతున్న ఫ్లెక్సీ నేలకి తగలకుండా పట్టుకుంది.

"తెలియనివాడు ఇంత బాగా పాడుచెయ్యలేడే. ఒక్క సందు కూడా వదల్లేదు. ఎవరికోసం?"

"అడక్కు మామయ్యా. నా మీద ఒట్టు."

మేనకోడలు ఒట్టు పెట్టాక మేనమామ నోరెత్తకూడదు. ఈ దీవుల్లో మేనకోడలు మామ ఇంట్లో ఏది కావాలంటే అది పట్టుకుపోవచ్చు, అతని మాటతో సహా. పెని గొంతు సవరించుకుని, ఫ్లెక్సీ అంచులకి రింగులు బిగిస్తూ కూర్చున్నాడు. చివరి రింగు బిగించాక మాత్రం, తనలో తాను అనుకున్నట్టు, "రేప్పొద్దుటికి వాడి పెదాలు చూడు," అన్నాడు.

మర్నాడు పొద్దున్న మట్టి. ఇలైసానే ఇంటికి నలుపూ ఊదా గుడ్డలు చుట్టారు. వరండా గోడకి ఫ్లెక్సీ. చాపల మీద ఆడవాళ్ళు పాటలు పాడుతున్నారు. లోపలి గదిలో శవం ఉన్న పెట్టె తలవైపు ఇలైసానే ఒక్కతే కూర్చుంది, అది ఆవిడ స్థానం. పెరట్లో వంటపాక దగ్గర మగవాళ్ళు గుంటలో రాళ్ళు కాలుస్తున్నారు. పొగలో సోసెఫో దుంపలు చెక్కుతున్నాడు, ఇంటివైపు వీపు పెట్టి.

ఫూసీ తల్లి వెనక నడిచొచ్చి, ఫ్లెక్సీ చూసి ఆగిపోయింది.

కెపువేలి మొహం బూడిదరంగుకి తిరిగింది. పెదాలు రేవులో చూసిన రంగే. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. మెడ నరాలు పైకి తేలి, తల ఒకసారి కుడివైపు వాక్యానికి తగిలి, ఒకసారి ఎడమవైపు పేరుకి తగిలి, మళ్ళీ మధ్యకి వస్తోంది. ఎంతసేపట్నించి అలా కొట్టుకుంటున్నాడో.

"కుర్రాడి మొహం బాలేదు," అంది చాప మీద ఒకావిడ.

"చోటు చాల్లేదు. ఎవరు చేశారో, చుట్టూ దడి కట్టేశారు."

"మా ఆయనకి ఇదే కొట్టులో చేయిస్తే హాయిగా కాళ్ళు చాపుకున్నాడు."

పాట సన్నబడింది. లోపల్నించి ఇలైసానే లేచొచ్చింది. పెట్టె తలవైపు కూర్చున్న మేనత్త మధ్యలో లేవదు. ఆవిడ లేచేసరికి ఆడవాళ్ళు దారిచ్చి వెనక్కి జరిగారు. ఆవిడ ఫ్లెక్సీ ముందు నిలబడి చూసింది. తర్వాత ఫూసీ కేసి తిరిగింది.

"నీ చేతి పనేనా?"

"అవునత్తా."

"చోటు వదలమని అడిగాను. నోరు తెరిచి అడిగాను." గొంతు పెంచలేదు. "నీళ్ళలో గాలాడకే పోయాడు కదే నా బిడ్డ. మళ్ళీ ఇక్కడ కూడానా?"

తల్లి ఫూసీ మణికట్టు పట్టుకుంది, గోళ్ళు దిగేలా. ఏమీ అనకు అన్న పట్టు అది. ఫూసీ ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది.

"కత్తి ఇవ్వండి," అంది.

వంటపాకలోంచి దుంపలు చెక్కే కత్తి చేతులు మారి వచ్చింది. ఫూసీ ముందు కుడిపక్క వాక్యాన్ని పైనించి కిందికి కోసేసింది. తర్వాత పేరు. కమాను, లిల్లీలు, ఏళ్ళు. ఊదారంగు ముక్కలు ఆమె కాళ్ళ దగ్గర పడ్డాయి. కోసినచోటల్లా వెనక తెల్లసున్నం గోడ కనిపించింది. ఇంకేమీ మిగల్లేదు, తెల్లటి గోడా, దాని మధ్య ఒక మనిషీ.

కెపువేలి ఊపిరి పీల్చుకున్నాడు. ఆ చప్పుడు వరండాలో అందరూ విన్నారు. రంగు తిరిగొచ్చింది. మెడ మెల్లగా సడలింది. తర్వాత తిరగడం మొదలెట్టాడు.

తల్లి కళ్ళు మూసుకుంది. ఫూసీ మూసుకోలేదు. వంటపాక కుడిపక్క ఉంది. అతని తల కుడిపక్కకే తిరుగుతోంది. పొగవైపు, సోసెఫో వీపువైపు. ఇంకొంచెం తిరిగితే అయిపోయింది, విమానం లేదు, తోటలు లేవు. చూపు పొగ అంచుదాకా వెళ్ళి, అక్కడ ఆగకుండా, కిందికి దిగి, దగ్గరికొచ్చి, కత్తి పట్టుకుని నిలబడ్డ ఫూసీ మీద ఆగింది.

అక్కడే ఉండిపోయింది. కొట్టు గడప దగ్గర నిలబడి చూసిన చూపే అది. అది ఏమిటో చెప్పాల్సిన పని ఎవరికీ లేకపోయింది.

చాపల మీద గుసగుస మొదలైంది. "ఓహో, ఈ పిల్లా?" "అందుకేనా అలా బిగించేసింది, బయటపడకుండా?" "ఏం చేసిందో, ఏమో." "వాళ్ళన్న వింటున్నాడే, నెమ్మది."

"వాడు నిన్ను చూస్తున్నాడు," అంది ఇలైసానే. "మీ మధ్య ఏం మిగిలిపోయింది? చెప్పు. పెట్టె మూసేలోపల చెప్పాలి."

ఫూసీ కత్తి చాప మీద పెట్టింది. ప్రేమించానని చెప్తే, బోటులో అన్నకి చెప్తానన్నాడనీ చెప్పాలి. అది చెప్తే మిగిలింది జనమే అల్లుకుంటారు. అన్నీ మోసే మాట ఒకటి వెతుక్కుంది.

"తప్పు నాదే అత్తా. నా వల్లే పోయాడు. నేనే..."

వంటపాక దగ్గర ఏదో గిన్నె దొర్లింది.

ఆచారం ప్రకారం సోసెఫో ఈపాటికి ఇంటి ఆవరణ దాటిపోయి ఉండాలి. చెల్లెలి సంగతి నలుగురిలో ఎత్తాక అన్న నిలబడకూడదు. జనం అతనికి దారి వదిలారు, గేటువైపు. అతను గేటువైపు పోలేదు. బూడిద చేతుల్తో వరండా మెట్లెక్కాడు. చెల్లెలు నిలబడ్డ చాప మీదికే వచ్చాడు. ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పట్టుకున్నారు. ఊహ తెలిశాక ఆ ఇద్దరూ ఒక చాప మీద నిలబడటం అదే మొదలు.

"సోసెఫో, వద్దురా," అంది తల్లి.

అతను ఇలైసానే కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. తల నేలకి ఆనించి, మళ్ళీ ఎత్తి, ఫ్లెక్సీ కేసి చూశాడు. కెపువేలి అతనికేసి చూడట్లేదు. ఒక్కసారి కూడా చూడలేదు.

"నావైపు తిరుగుతాడనుకున్నాను," అన్నాడు. "నిన్నట్నించీ వీపు పెట్టి కూర్చున్నాను, తిరుగుతాడని. వాడికి నాతో ఏమీ లేదంట. చూడండి. చెల్లినే చూస్తున్నాడు."

"ఏం మాట్లాడుతున్నావురా?" అంది ఇలైసానే.

"గొట్టం ఎక్కడా ఇరుక్కోలేదత్తా. దూకే ముందు వాడు నా చెల్లెలి పేరెత్తాడు. నాతోనే, నవ్వుతూ. పెళ్ళి చేసుకుంటానన్నాడు. నాకు తల తిరిగిపోయింది. కొట్టలేదు. వాడు దూకాడు. నేను బోటు ముందరి చెక్క మీదికి పోయి, వాడివైపు వీపు పెట్టి కూర్చున్నాను." ఆగాడు. బూడిద చేతులు మోకాళ్ళ మీద తుడుచుకున్నాడు. "కిందికి గాలి తోలే యంత్రంలో డీజిల్ అయిపోయింది. అది ఆగిపోవడం నాకు వినపడింది. వినపడ్డా వెనక్కి తిరగలేదు."